మూడు వైపులా పొరుగు

ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న లీడ్స్ నగరంలో ఇల్లు వెతికేవాళ్ళకి "బ్యాక్ టు బ్యాక్" అనే మాట మొదటి వారంలోనే తగులుతుంది. ప్రకటనల్లో అన్నిటికన్నా తక్కువ ధర పలికే ఇళ్ళ పక్కన తరచుగా కనిపించేది ఈ మాటే. తెలుగులో చెప్పాలంటే వీపూ వీపూ ఆనించుకుని కూర్చున్న ఇళ్ళు. మామూలు వరస ఇంటికి కుడి ఎడమల పక్కింటి గోడలుంటాయి, ముందు వీధి, వెనక పెరడు ఉంటాయి. బ్యాక్ టు బ్యాక్‌కి పెరడుండదు, వెనక తలుపుండదు, వెనక కిటికీ అసలే ఉండదు. వెనక గోడకి అవతల ఇంకో కుటుంబం కాపురం ఉంటుంది, వాళ్ళ వాకిలి అవతలి వీధిలోకి తెరుచుకుంటుంది. అంటే మూడు వైపులా ఉమ్మడి గోడలే. గాలీ వెలుతురూ చుట్టాలూ చెత్తా అన్నీ ఒక్క ముందు వైపు నుంచే రావాలి, పోవాలి.

నేనూ మా ఆవిడా మా ఆరేళ్ళ పాపా హేర్‌హిల్స్ అనే పేటలో ఇలాంటి ఇంట్లోనే అద్దెకుంటున్నాం. కింద నేలమాళిగ. దాని మీద వంటకీ కూర్చోడానికీ కలిపి ఒక గది. ఆ పైన పడగ్గది, బాత్రూమ్. అన్నిటికన్నా పైన కప్పు వాలులో ఇంకో గది. ఇల్లు పక్కలకి పెరగలేక నిలువుగా పెరిగింది. మా ఆఫీసులో కొందరు సిటీ సెంటర్లో ఒక్క పడగ్గది ఫ్లాట్‌కి కట్టేదానికన్నా మా అద్దె తక్కువ. బడికి నడిచి వెళ్ళొచ్చు. వీధి మలుపులో కరివేపాకు దొరుకుతుంది.

లీడ్స్‌లో ఒకప్పుడు ఇలాంటి ఇళ్ళు దాదాపు 78 వేలు ఉండేవి. ఇప్పుడు సుమారు 19,500 మిగిలాయి. మాంచెస్టర్, లివర్‌పూల్, బర్మింగ్‌హామ్‌లలో కూడా వేలకొద్దీ ఉండేవి, ఇప్పుడు దాదాపు లేవు. బర్మింగ్‌హామ్‌లో మిగిలిన ఒక చిన్న సముదాయాన్ని నేషనల్ ట్రస్ట్ మ్యూజియంలా చూపిస్తుంది. అక్కడ టికెట్ కొని చూసే రకం ఇంట్లో ఇక్కడ మేం రోజూ అన్నం వండుకుంటున్నాం.

మిగతా ఊళ్ళలో పోయినవి ఇక్కడ ఎందుకు మిగిలాయి? ఈ ప్రశ్న పట్టుకుని చదువుతూ పోతే అది ఇళ్ళ గురించిన ప్రశ్నగా ఆగలేదు. తక్కువ జీతంతో, పిల్లలతో, ఊరి మధ్యలో బతకడానికి చోటు ఎలా దొరుకుతుంది, దొరికింది ఎలా నిలుస్తుంది అన్నదానికి ఒక నగరం రెండు వందల ఏళ్ళుగా జవాబులు చెప్పుకుంటూ వచ్చింది. వాటిలో చాలా జవాబులు బెడిసికొట్టాయి. అవి ఎక్కడ బెడిసికొట్టాయో చూద్దాం.

చీటీ డబ్బులతో కట్టిన ఇళ్ళు

ఈ ఇళ్ళ పుట్టుక మీద బాగా పనిచేసిన చరిత్రకారుడు లీడ్స్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన మారిస్ బెరెస్‌ఫర్డ్. పాత పొలాల పటాల్నీ ఆస్తి పత్రాల్నీ పక్కపక్కన పెట్టి ఆయన తేల్చిన సంగతి ఇది. పాత ఊరిని ఆనుకుని ఉన్న పొలాలు సన్నగా, పొడుగ్గా ఉండేవి. ఒక్కోదానికి ఒక్కో యజమాని. ఉన్ని మిల్లుల ఊరు పెరిగేకొద్దీ ఏ పొలానికా పొలం విడిగా అమ్ముడయ్యేది, విడిగా ఇళ్ళతో నిండేది. పక్క పొలం ఆసామితో కలిసి వీధి వేద్దామన్న ఆలోచన ఎవరికీ లేదు. సన్నటి స్థలంలో ఎక్కువ ఇళ్ళు ఇమడాలంటే పెరళ్ళు ఎత్తేసి వీపులు ఆనించాలి. పైగా రెండిళ్ళకి ఒకే వెనక గోడ కాబట్టి ఇటుక ఖర్చు కలిసొస్తుంది. తొలి నాళ్ళ ఇల్లు సుమారు పదిహేను అడుగుల పొడవు, అంతే వెడల్పు.

వీటిని కట్టించింది ఎవరన్నది ఇంకా ఆసక్తికరం. 1780ల చివర్లో లీడ్స్‌లో బిల్డింగ్ క్లబ్బులు మొదలయ్యాయి. వాటిలో చేతిపనుల వాళ్ళు, చిన్న వ్యాపారులు చేరారు. చీటీలు తెలిసిన మనకి వీటిని అర్థం చేసుకోవడం తేలిక. సభ్యులు నెలనెలా కొంత వేస్తారు, పోగైన డబ్బుతో స్థలం కొని ఇళ్ళు కడతారు, అందరికీ ఇళ్ళు దక్కాక క్లబ్బు రద్దవుతుంది. ఇవే పెరిగి పెద్దవై తర్వాతి కాలపు బిల్డింగ్ సొసైటీలయ్యాయి. 1848లో పుట్టిన లీడ్స్ పర్మనెంట్ బిల్డింగ్ సొసైటీ పేరులో 'పర్మనెంట్' అన్న మాట ఎందుకుందో దీన్నిబట్టే తెలుస్తుంది: చీటీ ముగియగానే మూతపడకుండా ఎప్పటికీ నడిచే సంఘం అని.

అంటే ఈ ఇళ్ళ వెనక దురాశ ఒక్కటే లేదు. పొదుపు కూడా ఉంది. కింద నేలమాళిగలోనో, ఎవరిదో ఇంట్లో ఒక గదిలోనో పిల్లల్ని పెంచే కుటుంబానికి సొంత వాకిలి, సొంత పొయ్యి, లోపలి నుంచి గడియ పెట్టుకోగల తలుపు దొరికాయి. తర్వాత దీన్ని తిట్టినవాళ్ళంతా ఇంటికి లేనివేమిటో లెక్కపెట్టారు. ఆ ఇంటికి వచ్చినవాళ్ళు మాత్రం తమకి కొత్తగా ఏం దొరికిందో చూసుకున్నారు.

కలరా వచ్చి చూపించింది

1801లో లీడ్స్ జనాభా 53 వేలు. 1841కి లక్షన్నర దాటింది. ఇళ్ళు పెరిగాయి గానీ మురుగు కాలవలు పెరగలేదు. పొలం పొలంగా కట్టిన ఊళ్ళో ఇల్లు ఎవరో ఒకరిది, వీధి మాత్రం ఎవరిదీ కాదు. దాన్ని చదును చెయ్యడం, నీళ్ళు పారేలా చూడడం ఎవరి బాధ్యతా కాలేదు.

1832 మేలో బ్లూ బెల్ ఫోల్డ్ అనే ఇరుకు సందులో ఒక నేతపనివాడి రెండేళ్ళ బిడ్డ కలరాతో చనిపోయింది. ఆ ఏడాది ఊళ్ళో దాదాపు 700 మంది పోయారు. రాబర్ట్ బేకర్ అనే వైద్యుడు చావులు ఎక్కడెక్కడ జరిగాయో లెక్కతీసి 1833లో పటంతో సహా నివేదిక రాశాడు. మురుగు పోయే దారి, రాళ్ళు పరిచిన వీధి, చాలినన్ని నీళ్ళు లేని చోట్లే కలరా ఎక్కువగా కొట్టిందని ఆ పటం చూపించింది. లండన్‌లో జాన్ స్నో గీసిన ప్రసిద్ధమైన కలరా పటానికి ఇది రెండు దశాబ్దాల ముందుది. ఎడ్విన్ చాడ్విక్ 1842లో కార్మికుల ఆరోగ్య పరిస్థితుల మీద వెలువరించిన నివేదికకి బేకర్ పని కూడా ఒక ఆధారం.

ఇక్కడ దారులు చీలాయి. మాంచెస్టర్ 1844లోనే ప్రతి కొత్త ఇంటికీ వెనక మరుగుదొడ్డి ఉండాలని నిబంధన పెట్టి ఈ రకం ఇళ్ళకి తలుపులు మూసేసింది. లీడ్స్ వాటిని నిషేధించకుండా దిద్దుతూ పోయింది. 1866 నాటి లీడ్స్ ఇంప్రూవ్‌మెంట్ చట్టం ఏమందంటే, ఎనిమిది ఇళ్ళకి మించి ఒక వరసగా కట్టకూడదు. ముందు నాలుగు, వెనక నాలుగు. ఆ తర్వాత ఖాళీ వదిలి అక్కడ ఆ ఇళ్ళ మరుగుదొడ్లు పెట్టాలి. ఈ ఎనిమిది అంకెని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దానితో పనుంది.

1890ల తర్వాత వచ్చిన మూడో రకం ఇళ్ళలో మరుగుదొడ్డి ఇంటి నేలమాళిగలోకే వచ్చింది. వాకిట్లో చాపంత తోట, కాస్త పెద్ద కిటికీలు కూడా వచ్చాయి. హేర్‌హిల్స్‌లో ఇప్పుడు కనిపించేవి ఎక్కువగా ఈ కాలం నాటివే. వీధుల పేర్లు కూడా వరసగా ఒకే అచ్చులో ఉంటాయి: బేస్‌వాటర్ గ్రోవ్, బేస్‌వాటర్ మౌంట్, బేస్‌వాటర్ వ్యూ, బేస్‌వాటర్ టెర్రస్. కొత్తగా వచ్చిన డెలివరీ కుర్రాళ్ళు ఈ వీధుల్లో పడే తిప్పలు అన్నీ ఇన్నీ కావు.

1909లో పార్లమెంటు దేశమంతటా ఈ ఇళ్ళని నిషేధించింది. కానీ ఆ ఏడాది మే 1 నాటికి అనుమతి పొందిన వీధులకి మినహాయింపు ఇచ్చింది. లీడ్స్‌లో బిల్డర్లు ఆ మినహాయింపుని పట్టుకుని 1937 దాకా కడుతూనే ఉన్నారు. చట్టం రద్దు చేసిన ఇంటిని 28 ఏళ్ళ పాటు కట్టిన ఊరు ఇది. అద్దెకిచ్చే చిన్న యజమానుల లాభం ఇందులో తప్పకుండా ఉంది. అయితే ఇదే ధరకి కుటుంబానికి ఇంతకన్నా మంచి ఇల్లు చూపించమని వాళ్ళు అడిగితే చాలాకాలం ఎవరి దగ్గరా జవాబు లేదన్నదీ నిజమే.

జెంకిన్సన్ లెక్క

ఆ జవాబు వెతికినవాడు చార్లెస్ జెంకిన్సన్. 1927లో హోల్బెక్ అనే కార్మిక పేటకి ఆంగ్లికన్ చర్చి వికార్‌గా వచ్చాడు. తన పారిష్‌లోని ఇళ్ళు చూసి, ప్రార్థనలు ఒక్కటే సరిపోవని 1930లో లేబర్ పార్టీ తరఫున కౌన్సిలర్ అయ్యాడు. 1933లో హౌసింగ్ కమిటీ ఆయన చేతికి వచ్చింది. మురికివాడల తొలగింపుకి ప్రభుత్వం డబ్బిచ్చే 1930 నాటి గ్రీన్‌వుడ్ చట్టం అప్పటికే అమల్లో ఉంది. ఆరేళ్ళలో 30 వేల ఇళ్ళు కూల్చి అందరికీ కొత్త ఇళ్ళిస్తామని లీడ్స్ ప్రకటించింది.

జెంకిన్సన్‌లో నాకు నచ్చేది ఆయన అద్దె లెక్క. కొత్త ఇల్లు ఎంత బాగున్నా అద్దె కట్టలేకపోతే పేదవాడికి అది గోడ మీద బొమ్మే. అందుకని 1934లో అద్దెని ఇంటికి కాకుండా ఇంట్లో ఉండేవాళ్ళ ఆదాయానికి ముడిపెట్టాడు. ఉన్నవాళ్ళు పూర్తి అద్దె కట్టాలి, లేనివాళ్ళకి తగ్గింపు, ఏమీ లేనివాళ్ళకి అద్దే లేదు. అప్పటికే కౌన్సిల్ ఇళ్ళలో ఉన్నవాళ్ళు తమ అద్దె పెరిగిందని గగ్గోలు పెట్టారు. 1935 ఎన్నికల్లో లేబర్ ఓడిపోయింది. ఆయన మాత్రం హోల్బెక్ ఇళ్ళు ఖాళీ అయ్యాక తన జనంతో పాటు బెల్ ఐల్ అనే కొత్త పేటకి వెళ్ళి, అక్కడి చర్చిలో పనిచేశాడు. తాను రాసిన పాలసీ కింద తానే వెళ్ళి కాపురం పెట్టినవాళ్ళు ఈ కథలో తక్కువ.

ఆయన హయాంలోనే తలపెట్టిన క్వారీ హిల్ ఫ్లాట్లు 1938లో తెరుచుకున్నాయి. వియన్నాలోని కార్ల్ మార్క్స్ హోఫ్‌ని చూసి వచ్చిన ఉత్సాహంతో హౌసింగ్ డైరెక్టర్ ఆర్. ఎ. హెచ్. లివెట్ వేసిన ప్లాన్ అది. 938 ఫ్లాట్లు, లిఫ్టులు, వంటింటి తొట్టి నుంచే చెత్తని నీళ్ళతో కిందికి పంపే ఫ్రెంచి ఏర్పాటు. సన్నటి ఉక్కు చట్రానికి ముందే పోసిన కాంక్రీటు పలకలు తగిలించే పద్ధతిలో కట్టారు. అనుకున్న కమ్యూనిటీ హాలు, ఈతకొలను కాగితం మీదే ఉండిపోయాయి. తొలి ఏళ్ళలో జనం సంతోషంగానే ఉన్నారు. కానీ ఉక్కు తుప్పు పట్టింది, మరమ్మతుల ఖర్చు పెరిగింది, 1978లో మొత్తం కూల్చేశారు. ఇప్పుడక్కడ లీడ్స్ ప్లేహౌస్, ప్రభుత్వ కార్యాలయాలుండే క్వారీ హౌస్ ఉన్నాయి.

నలభై ఏళ్ళలో భవిష్యత్తు కూలిపోయింది. ఈ భవిష్యత్తు మింగేయాల్సిన బ్యాక్ టు బ్యాక్‌లు అక్కడికి కొద్ది దూరంలో ఇంకా నిలబడే ఉన్నాయి. అలాగని జెంకిన్సన్ది తప్పు అనలేం. కిటికీ తెరవలేని గదిలో క్షయతో దగ్గే పిల్లల్ని చూసినవాడు ఆ ఇళ్ళు కూల్చమని అడగకుండా ఎలా ఉంటాడు?

హంస్లెట్‌లో పెరిగిన పిల్లాడు

ఇక్కడ ఒక పుస్తకాన్ని తలుచుకోవాలి. రిచర్డ్ హోగర్ట్ 1918లో లీడ్స్‌లో పుట్టాడు. తల్లి కూడా పోయాక ముగ్గురు పిల్లల్నీ చుట్టాలు పంచుకున్నారు. రిచర్డ్ హంస్లెట్‌లో ఉన్న నాయనమ్మ ఇంటికి చేరాడు. 1957లో ఆయన రాసిన "ది యూజెస్ ఆఫ్ లిటరసీ" సాంస్కృతిక అధ్యయనాలు అనే రంగానికి పునాది రాళ్ళలో ఒకటి. మొదటి సగం అంతా ఇలాంటి పేటల్లో జీవితం ఎలా సాగుతుందో చెబుతుంది: వేడిగా ఉండే ఒక్క గదిలో కుటుంబమంతా ఎలా ఇముడుతుంది, ఇరుగు పొరుగు ఏది పట్టించుకుంటారు, ఏది చూసీ చూడనట్టు వదిలేస్తారు. రెండో సగంలో చౌకబారు పత్రికలూ పాటలూ వచ్చి ఆ జీవితాన్ని పలచన చేస్తున్నాయని వాపోతాడు.

ఆయన గతాన్ని తీపి చేసుకుంటున్నాడన్న విమర్శ ఆ పుస్తకానికి ఎప్పటినుంచో ఉంది. అది కొంత నిజం. కానీ ఆయన పట్టుకున్న ఒక సంగతిని ప్లానర్లు పట్టుకోలేదు. ఇరుకు గదికి వీధి తోడుగా ఉంటుంది. ఇంట్లో చోటు లేదు కాబట్టి పిల్లలు వీధిలో ఆడతారు. పెరడు లేదు కాబట్టి బట్టలు వీధికి అడ్డంగా కట్టిన తాళ్ళ మీద ఆరతాయి. ఇంటినీ వీధినీ విడదీసి, ఇంటిని మాత్రమే కొలిస్తే లెక్క ఎప్పుడూ తక్కువే వస్తుంది.

హంస్లెట్‌లో ఆ పాత వీధుల్ని చాలావరకు కూల్చేశారు. 1960ల చివర్లో అక్కడ హంస్లెట్ గ్రేంజ్ అనే కాంక్రీటు ఫ్లాట్లు లేచాయి. గోడలకి తేమ పట్టేది, వెచ్చగా ఉంచుకోడానికి అయ్యే ఖర్చు జనం మోయలేకపోయారు. సుమారు పదిహేనేళ్ళకే అవి నేలమట్టమయ్యాయి. హోగర్ట్ బాల్యం గడిచిన పేటని ఒకే తరంలో రెండు సార్లు కూల్చారన్నమాట.

కూల్చకుండా బాగుచేసినప్పుడు

నిజమైన మలుపు ఎవరూ పండగ చేసుకోని ఒక చట్టంతో వచ్చింది. 1969 నాటి హౌసింగ్ చట్టం మొత్తం పేటల్ని బాగుచెయ్యడానికి గ్రాంట్లు ఇచ్చింది. 1974 చట్టం మరీ పేద పేటలకి దాన్ని పెంచింది. కొత్త కప్పు, వేడి నీళ్ళు, పడగ్గదిలోంచి కొంత చీల్చి బాత్రూమ్. పటం మీద ఎర్ర గీతలు పడిన వీధులు కొన్ని ఇలా బతికి బట్టకట్టాయి.

ఆ ఇళ్ళని అప్పుడు నింపిందెవరు? కరీబియన్ దీవుల నుంచీ పంజాబ్ నుంచీ పాకిస్తాన్ నుంచీ వచ్చి మిల్లుల్లో, బస్సుల్లో, ఆస్పత్రుల్లో పనిచేసిన కుటుంబాలు. పక్క పేట చాపెల్‌టౌన్‌లో అంతకుముందు రష్యా సామ్రాజ్యం నుంచి పారిపోయి వచ్చిన యూదు దర్జీల కుటుంబాలుండేవి. వాళ్ళు ఉత్తరానికి జరిగాక ఈ కొత్తవాళ్ళు వచ్చారు. 1967లో నెవిస్ నుంచి వచ్చిన ఆర్థర్ ఫ్రాన్స్ చొరవతో ఇక్కడే లీడ్స్ వెస్ట్ ఇండియన్ కార్నివాల్ మొదలైంది. ఇప్పటికీ ప్రతి ఆగస్టులో మా పేట రోడ్ల మీదుగా వెళ్తుంది.

ఇందులో ఒక చేదు ముడి ఉంది. 1970లలో బ్రిటన్ నగరాల లోపలి పేటల్లో పాత ఇళ్ళకి అప్పు ఇవ్వడానికి బిల్డింగ్ సొసైటీలు మొహం చాటేసేవి. చీటీలు వేసుకుని బ్యాక్ టు బ్యాక్‌లు కట్టుకున్న క్లబ్బుల వారసులు ఆ ఇళ్ళనే తాకట్టుకి పనికిరానివన్నారు. అప్పుడు చాలా కుటుంబాలు ఏం చేశాయి? బంధువుల దగ్గర, సొంత ఊరివాళ్ళ దగ్గర డబ్బు కూడేసి కొన్నాయి. మళ్ళీ చీటీ దగ్గరికే వచ్చాం. వాళ్ళు కొని, ఉండి, బాగుచేసుకోబట్టే ఈ వీధులు ఖాళీ కాలేదు.

హెడింగ్లీ పాఠం

పేట చౌకగా ఉంటే చాలదు, కుటుంబాలు కూడా మిగలాలి. నగరానికి వాయవ్యాన హెడింగ్లీ, హైడ్ పార్క్ పేటలు ఇందుకు ఉదాహరణ. యూనివర్సిటీలు పెరిగేకొద్దీ అక్కడి వరస ఇళ్ళని యజమానులు గది గదిగా విద్యార్థులకి ఇవ్వడం మొదలుపెట్టారు. ఒక్క జీతం మీద నడిచే కుటుంబం కట్టగల అద్దె కన్నా నలుగురు విద్యార్థులు వేరువేరుగా కట్టేది ఎక్కువ. ఇందులో ఎవరి కుట్రా అక్కర్లేదు, కూడిక చాలు. పిల్లలున్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, బళ్ళో పిల్లలు తగ్గారు. 2006లో హెడింగ్లీ ప్రాథమిక పాఠశాల మూతపడింది.

ఆ తర్వాతి కథ కాస్త ఊరటనిస్తుంది. స్థానికుల డెవలప్‌మెంట్ ట్రస్టు ఆ బడి భవనాన్ని తీసుకుని 2011లో హార్ట్ అనే సామాజిక కేంద్రంగా తెరిచింది. 2012లో నగరం ఆ ప్రాంతాల్లో కుటుంబ గృహాన్ని గది గది అద్దె ఇల్లుగా మార్చాలంటే ప్లానింగ్ అనుమతి తప్పనిసరి చేసింది. కానీ భవనం తిరిగొచ్చినంత తేలికగా బడి తిరిగి రాదు. బడి మూతపడ్డ పేటకి చిన్నపిల్లలున్న కుటుంబం రావడానికి ఆలోచిస్తుంది, రాకపోతే బడి తెరవడానికి కారణం ఉండదు.

ఎనిమిది ఇళ్ళు

ఇక ఇప్పటి సంగతి. 2024 జూలైలో హేర్‌హిల్స్‌లో ఒక రాత్రి గొడవలు జరిగాయి, ఒక బస్సు తగలబడింది. మర్నాటి నుంచి టీవీల్లో మా పేట పేరుకి ఆ మంటే బొమ్మ అయిపోయింది. చీపుళ్ళు పట్టుకుని వీధిలోకి వచ్చి ఊడ్చిన పొరుగువాళ్ళు ఆ బొమ్మలో అంతగా కనపడలేదు. 1930లలో ఫొటోగ్రాఫర్లు చూసిన హోల్బెక్ అయినా, ఇప్పుడు కెమెరాలు చూసే హేర్‌హిల్స్ అయినా, బయటివాళ్ళకి కనిపించేది లోటే.

అలాగని లోటు లేదని నేను అనను. పోయిన చలికాలం మా కప్పు గది మూల నల్లబడింది. ఇంటి ఓనరుకి చెబితే రంగు వేయించాడు. రెండు నెలలకి మళ్ళీ నల్లబడింది. పాప దగ్గు ఏప్రిల్ దాకా తగ్గలేదు. 2020 జనవరి నుంచి అయిదేళ్ళ పాటు హేర్‌హిల్స్, బీస్టన్ పేటల్లో అద్దెకిచ్చే యజమానులు కౌన్సిల్ దగ్గర లైసెన్సు తీసుకోవాలన్న నియమం వచ్చింది. అది మంచిదే. కానీ లైసెన్సు ఓనరుకి, తేమ గోడకి.

ఇంజినీరింగ్ చదివినవాడిగా ఈ ఇంటిని చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. మూడు గోడలకి అవతల వెచ్చటి ఇళ్ళున్నాయి కాబట్టి వేడి బయటికి పోయే ముఖ్యమైన దారులు రెండే: ముందు గోడ, కప్పు. విడిగా నిలబడ్డ బంగళా కన్నా దీన్ని వెచ్చగా ఉంచడం నిజానికి తేలిక. ఇబ్బందల్లా ఆ ముందు గోడ మధ్యలో ఖాళీ లేని గట్టి ఇటుక గోడ కావడం, గాలి ఇటునుంచి అటు ఆడకపోవడం. గోడకి బయట తొడుగు వేసి, తేమ గాలి బయటికి పోయే ఏర్పాటు చేస్తే చాలావరకు తీరుతుంది. అయితే ఒక్క ఇంటికే వేస్తే పక్కింటి అంచు దగ్గర చలి లోపలికి దూరుతుంది. కప్పు కూడా అంతే, వీధి పొడుగునా ఒకటే వాలు. హోల్బెక్‌లో కౌన్సిల్ ఇటీవల కొన్ని వీధుల్ని ఇల్లు ఇల్లుగా కాకుండా వరసలకి వరసలే బాగుచేయించింది. కప్పులు, గోడ తొడుగులు, కిటికీలు కలిపి. ఓనరు ఎవరు, అద్దెకున్నదెవరు అన్న తేడా లేకుండా పని వీధి పొడుగునా సాగింది.

అందుకే నాకు 1866 చట్టం మళ్ళీ మళ్ళీ గుర్తొస్తుంది. ఆ చట్టం గొప్పదేం కాదు, ఎనిమిది కుటుంబాల్ని కాసిని మరుగుదొడ్ల దగ్గర వరసలో నిలబెట్టింది. కానీ ఎనిమిది ఇళ్ళని కలిపి ఒక్కటిగా లెక్కపెట్టింది. ముందు నాలుగు, వెనక నాలుగు, గోడలన్నీ ఉమ్మడి కాబట్టి బాధ్యత కూడా ఉమ్మడే అన్నట్టుగా. తర్వాత వచ్చిన లెక్కలు చాలావరకు ఇంటిని విడదీశాయి: ఈ ఇల్లు నివాసయోగ్యం కాదు, ఈ ఇంటికి అప్పు రాదు, ఈ ఇంట్లో నాలుగు గదులు అద్దెకివ్వచ్చు. వీధిని కలిపి చూసిన కొద్దిసార్లు, 1969లో, 1974లో, ఇప్పుడు హోల్బెక్‌లో, ఇళ్ళు నిలిచాయి, వాటితో పాటు అద్దెలూ మనుషులూ నిలిచారు.

బాగుచేస్తే అద్దె పెరిగి మేమే వెళ్ళిపోవాల్సి రావచ్చు. జెంకిన్సన్‌కి ఈ భయం అర్థమయ్యేది. ఆయన వేసిన లెక్కలో ఇంటి పక్కన ఆదాయం కూడా ఉంది. గోడ తొడుగుకి ప్రజల డబ్బు ఇచ్చేటప్పుడు ఆ ఇంటి అద్దె కొన్నేళ్ళ పాటు పెంచకూడదని షరతు రాయడం అసాధ్యమేమీ కాదు. చట్టం ఎనిమిది ఇళ్ళు లెక్కపెట్టగలిగినప్పుడు వాటిలో ఉండేవాళ్ళని లెక్కపెట్టడం ఎంత పని?

మా వెనక గోడ అవతలి ఇంట్లో ఈ మధ్య ఒక చంటిబిడ్డ వచ్చింది. వాళ్ళ వాకిలి మాకు కనపడదు, పేర్లు తెలియవు, అవతలి వీధికి చుట్టు తిరిగి వెళ్ళాలి. రాత్రి రెండింటికి బిడ్డ ఏడిస్తే మాత్రం మాకు వినిపిస్తుంది. మా పాప దగ్గు కూడా వాళ్ళకి వినిపిస్తూనే ఉండాలి.